ట్యాంకు అడుగున థర్మామీటర్
పని ప్రదేశాల్లో భద్రతా నిబంధనల అమలును కొలిచేదెలా? – ఒక సమీక్ష

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్‌.ఆర్‌.వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి కమ్ముకొచ్చింది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చాలా లోపాలను బయటపెట్టింది. వాటిలో ఒకటి చదివినప్పటి నుంచి నా మనసును వదల్లేదు. స్టైరిన్ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉంది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలకుండా పడి ఉన్న ద్రవం పైపొరల్లో వేడెక్కి, తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలుపెట్టింది. అడుగున ఉన్న మీటరుకు ఆ సంగతి తెలియదు. మీటరు పాడవలేదు, అబద్ధం చెప్పలేదు. దాన్ని పెట్టిన చోటే తప్పు.

భద్రతా నిబంధనలు ఎంత బాగా అమలవుతున్నాయో చెప్పడానికి మనం వాడే లెక్కల్లో చాలావాటి పరిస్థితి ఇదే. చెక్‌లిస్టులు, ఆడిట్ మార్కులు, శిక్షణ పొందినవారి సంఖ్య, గేటు దగ్గర ‘ప్రమాదం లేని రోజులు’ బోర్డు. ఇవేవీ పనికిమాలినవి కావు. కానీ ట్యాంకు పైన ఏం జరుగుతోందో ఇవి చెప్పగలవా అన్నది ప్రశ్న. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం జరుపుకుంటాం. ప్రతిజ్ఞలు చేస్తాం, పోస్టర్ల పోటీలు పెడతాం. ఆ హడావిడి అంతా ఒక్క వేలినైనా కాపాడిందా అని అడిగితే జవాబు చెప్పే లెక్క మన దగ్గర చాలా తక్కువ. ఆ లెక్క ఎందుకు కష్టమో, ప్రపంచంలో ఎవరెవరు ఎలా ప్రయత్నించారో, అందులో మనకు పనికొచ్చేది ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

‘బాగా పనిచేస్తోంది’ అంటే?

ముందు మాట తేల్చుకోవాలి. భద్రతా కార్యక్రమం పనిచేస్తోందని ఒకరంటే మూడు వేర్వేరు అర్థాలు ఉండొచ్చు. మొదటిది, నిబంధన పాటిస్తున్నారు: హెల్మెట్ పెట్టుకున్నారు, రిజిస్టరు రాశారు, మాక్ డ్రిల్ చేశారు. రెండోది, ముప్పు తగ్గింది: యంత్రానికి గార్డు బిగించారు, రియాక్టరు ఇంటర్‌లాక్ పనిచేస్తోంది, గొయ్యి అంచు కూలకుండా ఊతం పెట్టారు. మూడోది, మనుషులకు గాయాలు, జబ్బులు, చావులు తగ్గాయి.

మొదటిది జరిగితే రెండోది, రెండోది జరిగితే మూడోది వాటంతటవే వస్తాయనుకుంటాం. అలా రావాలనేమీ లేదు. అందరూ హెల్మెట్ పెట్టుకున్న చోట కూడా సాల్వెంట్ ఆవిరి పేలుతుంది. మూడోదాన్ని మాత్రమే కొలిస్తే ఇంకో చిక్కు. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌గా బయటపడటానికి చాలాసార్లు పదేళ్లు దాటుతుంది. ఈ ఏడాది క్రషర్ దగ్గర నిబంధనలు పాటించిందీ లేనిదీ ఈ ఏడాది ఆస్పత్రి రిజిస్టరులో కనిపించదు.

సున్నా వెనక అంకగణితం

పరిశ్రమల్లో ఎక్కువగా వాడే కొలమానం ప్రమాదాల రేటు. పని మానాల్సి వచ్చేంత గాయాలు ఎన్నయ్యాయో తీసుకుని, మొత్తం పనిగంటలతో భాగించి, 10 లక్షలతో హెచ్చిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 పద్ధతి ఇదే. అమెరికాలో 10 లక్షల బదులు 2 లక్షలు వాడతారు. వంద మంది ఏడాదికి చేసే పనిగంటలుగా దాన్ని లెక్కిస్తారు. రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టేవారు ఈ తేడా మరిచిపోతే ఐదు రెట్ల పొరపాటు వస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. వంద మంది పనిచేసే ఫ్యాక్టరీ. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 2,40,000 పనిగంటలు. అక్కడి అసలు ముప్పు 10 లక్షల గంటలకు 5 గాయాలు అనుకుందాం. అంటే ఏడాదికి సగటున 1.2 గాయాలు. యాజమాన్యం ఏ మార్పూ చేయకపోయినా, కేవలం సంభావ్యత లెక్క ప్రకారం, ఆ ఫ్యాక్టరీలో ఒక్క గాయమూ జరగని ఏడాది వచ్చే అవకాశం దాదాపు 30 శాతం. పదేళ్లలో మూడేళ్లు ‘సున్నా’ ఊరికే వచ్చేస్తుంది. ఆ మూడేళ్లూ షీల్డులు అందుకుంటారు. మరుసటి ఏడాది మూడు గాయాలైతే సేఫ్టీ ఆఫీసరును నిలదీస్తారు. పొగడ్తకూ తిట్టుకూ కారణం ఒకటే, అదృష్టం.

మరణాలతో కొలిస్తే మరీ కష్టం. ఏడాదికి లక్ష మందికి పది మరణాలు జరిగేంత ప్రమాదకరమైన పని, 200 మంది కార్మికులు అనుకుంటే, లెక్క ప్రకారం యాభై ఏళ్లకు ఒక మరణం. అంటే నలభై ఏళ్లుగా ఎవరూ చనిపోలేదన్న మాట ఆ ఫ్యాక్టరీ భద్రమైనదనడానికి రుజువుగా చాలదు.

దీనికి తోడు ఇంకో ఉచ్చు ఉంది. కిందటేడు ప్రమాదాలు ఎక్కువైన యూనిట్లను ఏరి, అక్కడ శిక్షణ కార్యక్రమం పెడతారు. ఈ ఏడు తగ్గుతాయి. శిక్షణ ఫలించిందని నివేదిక వస్తుంది. జ్వరం ముదిరిన రోజునే తాయెత్తు కట్టిస్తారు. జ్వరం ఎలాగూ దిగుతుంది, పేరు తాయెత్తుకొస్తుంది. అసాధారణంగా చెడ్డ ఏడాది తర్వాత మామూలు ఏడాది రావడం సహజం. అలాంటి యూనిట్లనే కొన్నింటిని శిక్షణ ఇవ్వకుండా వదిలి రెండింటినీ పోల్చితే తప్ప, శిక్షణ వాటా ఎంతో తేలదు.

దేశాల స్థాయిలోనూ ఇంతే. బ్రిటన్‌లో 1974లో భద్రతా చట్టం వచ్చిన ఏడాది పనిచోట 651 మంది ఉద్యోగులు చనిపోయారు. 2023–24లో పనిచోట చనిపోయినవారు 138 మంది. అదంతా చట్టం పుణ్యమే అనగలమా? ఈ యాభై ఏళ్లలో ఆ దేశంలో బొగ్గు గనులు, ఉక్కు కార్ఖానాలు, ఓడల యార్డులు చాలావరకు మూతపడ్డాయి. ప్రమాదకరమైన పని కొంత ఆసియా దేశాలకు తరలింది. చట్టం చేసిన మేలు నిజమే, కానీ దాని వాటా విడదీసి చూపడం తేలిక కాదు.

ఏ అంకెతో భాగిస్తున్నామన్నదీ ముఖ్యమే. బొగ్గు గనుల్లో మరణాలను 10 లక్షల టన్నుల ఉత్పత్తికి ఎన్ని, 3 లక్షల మ్యాన్‌షిఫ్టులకు ఎన్ని అని రెండు రకాలుగా లెక్కిస్తారు. సింగరేణిలో ఓపెన్‌కాస్టు గనులు పెరిగి, తక్కువ మందితో ఎక్కువ బొగ్గు వస్తోంది. భూగర్భ గనిలో కప్పు కింద నిలబడే కార్మికుడి ముప్పు అణువంత తగ్గకపోయినా, టన్నుల లెక్కన మరణాల రేటు తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే షిఫ్టుల లెక్క చూడాలి, అదీ భూగర్భ గనులకూ ఓపెన్‌కాస్టుకూ విడివిడిగా.

లెక్కకు రాని గాయాలు

ఇంతవరకూ గాయాలన్నీ నమోదవుతాయనుకుని మాట్లాడాం. నమోదు కావు. మన చట్టం ప్రకారం కార్మికుడు 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని గాయమైతే యాజమాన్యం అధికారులకు తెలియజేయాలి. ఈ గీత ఎక్కడుందో తెలిసినవారికి దాన్ని దాటకుండా ఉండటమూ తెలుసు. చెయ్యి కట్టు కట్టించుకున్న మనిషిని మర్నాడు కారులో తీసుకొచ్చి ఆఫీసులో కూర్చోబెడతారు. దానికి ‘లైట్ డ్యూటీ’ అని పేరు. హాజరు పడింది కాబట్టి పని పోలేదు, పని పోలేదు కాబట్టి ప్రమాదం లేదు. కాంట్రాక్టరు మనిషైతే ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ప్రైవేటు ఆస్పత్రి బిల్లు కట్టి, చేతిలో కొంత పెట్టి ఊరికి పంపేస్తారు.

గురుగ్రామ్–మానేసర్ ప్రాంతంలో ఆటో విడిభాగాల యూనిట్లలో పవర్ ప్రెస్సుల కింద వేళ్లు పోగొట్టుకున్న కార్మికులతో సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ పనిచేస్తోంది. 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలు వెలువరిస్తోంది. గాయపడినవారిలో చాలామందికి ఈఎస్ఐ కార్డు చేతికొచ్చింది ప్రమాదం జరిగాకేనని ఆ నివేదికలు చెబుతున్నాయి. చట్టం ప్రకారం అది చేరినప్పుడే అందాలి. చికిత్స కోసం ఈఎస్ఐకి వచ్చిన గాయాలకూ ఫ్యాక్టరీల శాఖ పుస్తకాల్లోని గాయాలకూ పొంతన లేదనీ ఆ సంస్థ చూపింది. ఇందులో మనకొక పాఠం ఉంది. ఒకే విషయాన్ని రెండు చోట్ల, రెండు అవసరాల కోసం రాసిన పుస్తకాలను పక్కపక్కన పెట్టడమే దాపరికాన్ని పట్టుకునే చవకైన మార్గం.

కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేసే డీజీఫాస్లీ అంకెల ప్రకారం 2017–2020 మధ్య రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏటా సగటున 1,100 మంది చనిపోయారు. అదే రికార్డుల్లో గాయపడినవారు ఏటా 4,000 పైచిలుకు. ఒక మరణానికి నాలుగు గాయాలా? ఏ ఫోర్‌మన్‌ను అడిగినా నవ్వుతాడు. మరణాన్ని దాచడం కష్టం, గాయాన్ని దాచడం తేలిక. ఆ నిష్పత్తి మన ఫ్యాక్టరీల భద్రత గురించి చెప్పేదానికన్నా మన నమోదు గురించే ఎక్కువ చెబుతోంది. ఇవి రిజిస్టరైన ఫ్యాక్టరీల లెక్కలు మాత్రమే. తాపీ మేస్త్రీ, బోరుబావి కార్మికుడు, డ్రైనేజీలో దిగే మనిషి ఇందులో లేరు.

దాపరికానికి బహుమతులూ తోడవుతాయి. ‘ప్రమాదం లేకపోతే డిపార్టుమెంటుకంతా బోనస్’ అని ప్రకటించి చూడండి. వేలు తెగినవాడిని పక్కవాళ్లే ‘చెప్పకురా’ అని బతిమాలుతారు.

చిన్న గాయాలు, పెద్ద పేలుళ్లు

1931లో అమెరికా బీమా సంస్థ ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిచ్ ఒక సూత్రం ప్రకటించాడు. ఒక పెద్ద గాయానికి 29 చిన్న గాయాలు, 300 గాయం లేని ఘటనలు ఉంటాయని. ఈ పిరమిడ్ బొమ్మ లేని సేఫ్టీ క్లాసు ఇప్పటికీ అరుదు. దాన్నుంచి తీసిన నీతి: చిన్నవి తగ్గిస్తే పెద్దవి వాటంతటవే తగ్గుతాయి. హైన్రిచ్ మూలపత్రాలు తర్వాతివారికి దొరకలేదు. నిష్పత్తులు పరిశ్రమను బట్టి మారతాయనీ తేలింది. అంతకన్నా ముఖ్యం, జారిపడే గాయానికీ రియాక్టరు పేలుడుకూ కారణాలు ఒకటి కావు. మెట్లకు రెయిలింగు పెడితే పీడన కవాటం బాగుపడదు.

దీనికి ఖరీదైన రుజువు 2005 మార్చి 23న టెక్సాస్ సిటీలోని బీపీ రిఫైనరీలో దొరికింది. అక్కడ ఒక టవర్‌లో ద్రవం మితిమీరి నిండుతుంటే, మట్టాన్ని చూపే సాధనం తగ్గుతున్నట్టు చూపింది. ద్రవం పొంగి, ఆవిరి మేఘమై అంటుకుంది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. చనిపోయినవారంతా కాంట్రాక్టు సిబ్బంది. నెలరోజులు గాయం లేకుండా గడిపినందుకు ఏర్పాటు చేసిన భోజనం ముగించి అప్పుడే తమ ట్రెయిలర్లకు తిరిగొచ్చారు. బీపీ భద్రతను పరిశీలించిన బేకర్ కమిటీ 2007లో తేల్చిందేమిటంటే, వ్యక్తిగత గాయాల రేటు తగ్గడాన్నే బీపీ మొత్తం భద్రతకు గుర్తుగా తీసుకుంది, ప్రాసెస్ భద్రత దిగజారడం ఆ అంకెలో కనిపించలేదు. టెక్సాస్ సిటీ ప్రమాదం జరిగిన ఐదేళ్లకు, 2010 ఏప్రిల్ 20న, బీపీ కోసం తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. ఆ రోజు ఉన్నతాధికారులు రిగ్గు మీదికి వచ్చిన కారణాల్లో ఒకటి, ఏడేళ్లుగా పని పోగొట్టే గాయం లేదన్న రికార్డును అభినందించడం.

మన దగ్గరా ఈ తేడా ప్రాణాలతో తేలింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు యాభై మందికి పైగా మనుషులను పొట్టన పెట్టుకుంది. మృతుల్లో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు. గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఇలాంటి చోట హెల్మెట్ల శాతాన్ని కొలవడం ట్యాంకు అడుగున థర్మామీటర్ పెట్టడమే. సేఫ్టీ వాల్వులు గడువులోగా పరీక్షించారా, అలారాలు ఎన్ని బైపాస్‌లో ఉన్నాయి, ధూళి ఎంత మందాన పేరుకుంది, చిన్న లీకులు నెలకు ఎన్ని అన్నవే ఇక్కడ కొలవాల్సినవి. అమెరికా పెట్రోలియం సంస్థ 2010లో తెచ్చిన ఏపీఐ 754 ప్రమాణం ఈ దారిలోనే పెద్ద లీకులు, చిన్న లీకులు, రక్షణ వ్యవస్థల వైఫల్యాలు, రోజువారీ నిర్వహణ అని నాలుగంచెల లెక్క పెట్టింది.

తనిఖీలు పనిచేస్తాయా?

తనిఖీ అంటే ఇన్‌స్పెక్టర్ రాజ్యమని యాజమాన్యాలు, తూతూమంత్రమని సంఘాలు అనడం మామూలే. రుజువు ఏమంటోంది?

అందరూ ఉదహరించే అధ్యయనం కాలిఫోర్నియాది. అక్కడి భద్రతా సంస్థ ప్రమాదకర రంగాల్లో కొన్ని యూనిట్లను లాటరీ పద్ధతిలో ఎంచి తనిఖీ చేసేది. లాటరీ కాబట్టి తాయెత్తు సమస్య ఉండదు. లెవీన్, టాఫెల్, జాన్సన్ అనే పరిశోధకులు తనిఖీ జరిగిన యూనిట్లను, అర్హత ఉండీ ఎంపిక కాని యూనిట్లతో పోల్చి 2012లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తనిఖీ జరిగినచోట గాయాలు 9.4 శాతం, వాటిపై ఖర్చు 26 శాతం తగ్గాయి. ఉద్యోగాలు, అమ్మకాలు తగ్గిన జాడ లేదు.

ఏ తనిఖీ అయినా ఒకటేనా? టొరంటోలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ వర్క్ అండ్ హెల్త్ పరిశోధకులు అనేక దేశాల అధ్యయనాలను జల్లెడ పట్టి 2016లో ఒక సమీక్ష వెలువరించారు. నోటీసు, జరిమానా పడిన తనిఖీల తర్వాత గాయాలు తగ్గుతాయనడానికి గట్టి రుజువు ఉంది. జరిమానా లేని తనిఖీ వల్ల మార్పు లేదనడానికి ఓ మోస్తరు రుజువు ఉంది. సలహా చెప్పి టీ తాగి వెళ్లే తనిఖీతో ఒరిగేది తక్కువని అర్థం.

జరిమానా కన్నా పరువు ఇంకా పదునైనదని పరిశోధకుడు మాథ్యూ జాన్సన్ 2020లో చూపాడు. అమెరికా భద్రతా సంస్థ భారీ జరిమానాలు వేసినప్పుడు స్థానిక పత్రికలకు ప్రకటన ఇస్తుంది. అలాంటి ఒక్క ప్రకటనతో చుట్టుపక్కల అదే రంగంలోని యూనిట్లలో మెరుగైన నిబంధనల అమలును తనిఖీలతో సాధించాలంటే 210 తనిఖీలు కావాలని అతని అంచనా. ఇన్‌స్పెక్టర్ల కొరత ఉన్న రాష్ట్రాలకు ఇంతకన్నా చవకైన సలహా లేదు. తనిఖీ నివేదికను ఊరి పత్రికకు అందేలా పెట్టండి.

అయితే గుజరాత్ అనుభవం ఒక హెచ్చరిక చేస్తుంది. డుఫ్లో, గ్రీన్‌స్టోన్, పాండే, రయాన్ అనే పరిశోధకులు అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఫ్యాక్టరీల తనిఖీలను లాటరీ పద్ధతిలో పెంచి చూశారు. ఉల్లంఘనలు ఎక్కువ పట్టుబడ్డాయి, కాలుష్యం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఘోరంగా తప్పు చేసే కొద్దిమంది ఎక్కడున్నారో స్థానిక అధికారులకు ముందే తెలుసు. అదనపు లాటరీ తనిఖీలు ఎక్కువగా మిగిలినవారి మీద పడ్డాయి. కాలిఫోర్నియా, గుజరాత్ అధ్యయనాలను కలిపి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. లాటరీ తనిఖీ నిజాన్ని కొలవడానికి మంచి సాధనం, తప్పు చేసేవారిని ఏరి చేసే గాలింపు తనిఖీ ముప్పును తగ్గించడానికి మంచి సాధనం. రెండూ కావాలి, ఒకదాని పని రెండోది చేయదు.

తూకం వేసేవాడికి జీతం ఎవరిస్తారు?

అదే బృందం గుజరాత్‌లో చేసిన మరో ప్రయోగం భద్రతా రంగంలోని ప్రతి ఒక్కరూ చదవాలి. అక్కడ ఫ్యాక్టరీలు తామే ఎంచుకుని, తామే ఫీజు ఇచ్చే ప్రైవేటు ఆడిటర్లతో కాలుష్యం ఆడిట్ చేయించుకునేవి. నివేదికల్లో అంకెలు విచిత్రంగా పరిమితికి కాస్త కిందనే గుంపుగా ఉండేవి. ప్రయోగంలో కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీలో కేటాయించారు, ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను మళ్లీ వేరేవాళ్లతో సరిచూశారు. పరిమితి లోపలే ఉందంటూ ఇచ్చే తప్పుడు నివేదికలు 80 శాతం తగ్గాయి. అంతేకాదు, ఆ ఫ్యాక్టరీల కాలుష్యం కూడా తగ్గింది. ఆడిటర్లు అదే మనుషులు, అదే చదువు. మారింది జీతమిచ్చే చెయ్యి.

ఈ పాఠం నేర్వకపోతే ఏమవుతుందో కరాచీ చూపింది. 2012 సెప్టెంబరు 11న అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తాళం పడిన దారులు. దానికి కొద్ది వారాల ముందే అదే ఫ్యాక్టరీకి అంతర్జాతీయ ప్రమాణం ఎస్ఏ8000 సర్టిఫికెట్ దక్కింది. ఏడు నెలల తర్వాత ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడలు పగుళ్లిచ్చాయి, కార్మికులు చూశారు, లోపలికి వెళ్లమన్నారు. ఆ తర్వాత బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి చేసుకున్న బంగ్లాదేశ్ అకార్డ్ ఒప్పందం రెండు పనులు కొత్తగా చేసింది. ప్రతి ఫ్యాక్టరీ తనిఖీ నివేదికనూ అందరికీ కనిపించేలా పెట్టింది. సరిచేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపాలని బ్రాండ్లను కట్టడి చేసింది.

శిక్షణ, చట్టం, కమిటీలు

ఈ మూడింటి మీద రుజువు మిశ్రమంగా ఉంది. శిక్షణ వల్ల కార్మికుల నడవడి మారుతుందనడానికి మంచి ఆధారాలున్నాయి. గాయాలు తగ్గుతాయనడానికి సరిపడా లేవని టొరంటో సంస్థదే మరో సమీక్ష 2012లో చెప్పింది. గార్డు లేని ప్రెస్సు ముందు నిలబెట్టి జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి ఒక హద్దు ఉంది కదా. నిర్మాణ రంగంపై వచ్చిన కొక్రేన్ సమీక్ష, చట్టం తేవడం ఒక్కదానితోనే గాయాలు తగ్గుతాయనడానికి రుజువు చాలలేదని తేల్చింది. చట్టం వెనక తనిఖీ, ప్రచారం, డబ్బు కలిసిరావాలి.

భద్రతా కమిటీల మీద పరిశోధకురాలు లారా బుద్రో బంగ్లాదేశ్‌లో 84 దుస్తుల ఫ్యాక్టరీల్లో ప్రయోగం చేసింది. కాగితం మీదే ఉన్న కమిటీలను చట్టప్రకారం నిజంగా పనిచేయించినచోట అమలు పెరిగింది, భద్రతా సూచికలు కొంత మెరుగయ్యాయి. నిర్వహణ సరిగా ఉన్న ఫ్యాక్టరీల్లోనే ఆ మేలు ఎక్కువ. అంటే కమిటీ మంచి విత్తనమే కానీ నేల కూడా బాగుండాలి.

ఒక పర్మిట్‌ను దగ్గరగా చూస్తే

సిద్ధాంతం చాలు, ఒక కాగితం చేతిలోకి తీసుకుందాం. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో పైపులైను వెల్డింగ్. దానికి హాట్ వర్క్ పర్మిట్ కావాలి. గ్యాస్ పరీక్ష చేశారా, సాల్వెంట్ డ్రమ్ములు తీశారా, లైను ఐసొలేట్ చేశారా, మంటలార్పే సిలిండర్ పక్కన ఉందా, కాపలా మనిషి ఎవరు, మూడు సంతకాలు. ఆడిటర్ వంద పర్మిట్లు తిరగేస్తాడు. 98 పూర్తిగా నింపి ఉన్నాయి. ‘అమలు 98 శాతం’ అని రాసుకుంటాడు.

అదే వంద కాగితాలను వేరే ప్రశ్నలతో చదవండి. గ్యాస్ పరీక్ష సమయం పని మొదలయ్యాక ఉందా? ముగ్గురి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే నిమిషంలో పడ్డాయా? రీడింగు వంద సార్లూ సున్నాయేనా? మీటరు ఆఖరుసారి క్యాలిబ్రేట్ చేసిందెప్పుడు? షిఫ్టు మారాక మళ్లీ పరీక్షించారా, పాత పర్మిట్టే సాగిందా? ఇప్పుడు పని జరిగేచోటికి నడవండి. పర్మిట్ అక్కడ ఉందా, ఆఫీసు ఫైల్లో ఉందా? వెల్డర్‌ది ఒడిశా అయితే, తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఉన్న ఆ కాగితం అతనికి ఎవరైనా చదివి చెప్పారా? సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో అడిగితే చూపించగలడా?

ఇక అన్నిటికన్నా విలువైన ప్రశ్న: ఈ ఏడాది ఎన్ని పర్మిట్లు తిరస్కరించారు? ఎన్ని పనులు మధ్యలో ఆపారు? వేల పర్మిట్లలో ఒక్కటీ తిరస్కరించలేదంటే ఆ వ్యవస్థ గేటులా కనిపించే రబ్బరు స్టాంపు మాత్రమే.

నియర్ మిస్‌లను, అంటే వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదాలను లెక్కించడంలోనూ ఈ మెలకువ కావాలి. అవి పెరిగితే భద్రత తగ్గినట్టా? కొత్తగా నమోదు మొదలుపెట్టిన చోట పెరగడమే మంచిది. జనం నోరు విప్పుతున్నారని అర్థం. కానీ ‘ఒక్కొక్కరు నెలకు రెండు కార్డులు’ అని టార్గెట్ పెడితే, నెలాఖరున ‘క్యాంటీన్ దగ్గర నేల తడిగా ఉంది’ కార్డులు కుప్పలు పడతాయి. అందుకే కార్డుల సంఖ్య కన్నా, చెప్పిన లోపం ఎన్ని రోజుల్లో సరిచేశారు, అదే లోపం మళ్లీ వచ్చిందా, చెప్పినవాడికి జవాబు అందిందా అన్నవి కొలవాలి. కింద ఉన్న మనిషి నుంచి చెడు కబురు పైకి చేరడానికి పట్టే సమయం, చేరాక సరిదిద్దడానికి పట్టే సమయం. నా అభిప్రాయంలో ఒక భద్రతా కార్యక్రమం బతికుందో లేదో తేల్చేవి ఈ రెండు గడియారాలే. రానా ప్లాజా పగుళ్లు అందరికీ తెలుసు. కబురు పైకి వెళ్లింది, పని ఆగలేదు.

కొత్త కోడ్, పాత ప్రశ్న

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల మీద ప్రత్యేక అధ్యాయం చేర్చారు. కార్మికులకు సమాచారం పొందే హక్కు, భద్రతా కమిటీలో భాగం, ముంచుకొచ్చే ప్రమాదం గురించి హెచ్చరించే హక్కు అందులో వచ్చాయి. ఇప్పుడా చట్టంతో సహా 13 చట్టాలను కలిపిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఇక ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. తనిఖీల కేటాయింపు కంప్యూటర్ లాటరీతో. సేఫ్టీ ఆఫీసర్‌ను నియమించాల్సిన ఫ్యాక్టరీ పరిమాణం వెయ్యి మంది నుంచి 500కు, ప్రమాదకర ప్రక్రియలున్నచోట 250కి తగ్గింది. ఇది మేలైన మార్పు. మరోవైపు ఫ్యాక్టరీ నిర్వచనం విద్యుత్తు వాడేచోట 10 మంది నుంచి 20కి, వాడనిచోట 20 నుంచి 40కి పెరిగింది.

కొలతల దృష్టితో చూస్తే ఇక్కడ మూడు జాగ్రత్తలు. మొదటిది, నిర్వచనం మారినందువల్ల చిన్న యూనిట్లు ఫ్యాక్టరీల లెక్కలోంచి జారిపోతాయి. రేపు ‘ఫ్యాక్టరీ ప్రమాదాలు తగ్గాయి’ అని ఎవరైనా 2025కు ముందూ తర్వాతా అంకెలు పోలిస్తే, తగ్గింది ప్రమాదమా, లెక్కలోని ఫ్యాక్టరీలా అని అడగాలి. రెండోది, లాటరీ ఒక్కటే చాలదని గుజరాత్ చెప్పింది. ఫార్మా, రసాయనాల యూనిట్లకు గాలింపు తనిఖీ విడిగా ఉండాలి. మూడోది, కోడ్ అనుమతించే థర్డ్ పార్టీ ఆడిట్లలో ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకుని ఫీజు ఇస్తే, గుజరాత్ పాత కథ మళ్లీ మొదలవుతుంది.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ఉన్న ప్రమాదకర యూనిట్ల ఆడిట్ ఫీజును ఒక ఉమ్మడి నిధిలో జమచేయించి, ఆడిటర్లను లాటరీలో పంపవచ్చు. పదింటిలో ఒక ఆడిట్‌ను మళ్లీ సరిచూడవచ్చు. ఈఎస్ఐ ఆస్పత్రి లెక్కనూ ఫ్యాక్టరీల శాఖ లెక్కనూ ఏడాదికోసారి పక్కన పెట్టి తేడా ప్రకటించవచ్చు. తనిఖీ నివేదికలను జిల్లావారీగా తెలుగులో అందరికీ అందుబాటులో ఉంచవచ్చు. ప్రతి పెద్ద ప్రమాదం తర్వాత కమిటీ వేయడం మనకు అలవాటే. ఆ కమిటీ సిఫారసుల్లో ఏడాది తర్వాత ఎన్ని అమలయ్యాయో అదే కమిటీ చేత చెప్పించడం ఇంకా అలవాటు కాలేదు. నా తీర్పు ఒక్కటే. కొలిచేవాడు స్వతంత్రుడు కానంతవరకు, కొలత బహిరంగం కానంతవరకు, ఎన్ని నిబంధనలు పెంచినా వాటి ఫలితం మనకు తెలియదు.

పాఠకులకు ఒక మాట. మీరు పనిచేసేచోటో, మీ పిల్లలు చేరబోయే చోటో గేటు మీద ‘ప్రమాదం లేని 1,000 రోజులు’ అన్న బోర్డు కనిపిస్తే సంతోషించండి, కానీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ లెక్కలో కాంట్రాక్టు కార్మికులు ఉన్నారా? కిందటి నెల భద్రత కోసం పని ఎన్నిసార్లు ఆపారు? అలా ఆపినవాళ్లు ఇంకా అక్కడే ఉద్యోగంలో ఉన్నారా?